ఎనిమిదో మనిషి

హైదరాబాద్‌లో ఉంటూ ట్రేడింగ్ కార్డ్ గేమ్ ఒకదాన్ని పట్టుబట్టి, పోటీలకి వెళ్ళే స్థాయిలో ఆడాలనుకుంటే దేన్ని ఎంచుకోవాలి? ఈ ప్రశ్న కొన్ని నెలలుగా నన్ను తొలుస్తోంది. చెప్తే ఇంట్లోవాళ్ళు నవ్వారు. ఆఫీసులో ఒకతను "నీకు నచ్చింది ఆడుకోక, దానికింత ఆలోచన దేనికి?" అన్నాడు. అతనన్న మాటలోనే చిక్కంతా ఉంది. నచ్చింది చదువుకోవచ్చు, నచ్చింది వినొచ్చు. నచ్చిన ఆట ఆడుకోవాలంటే మాత్రం ఎదురుగా ఇంకో మనిషి కూర్చోవాలి. ఆ మనిషికీ అదే ఆట తెలిసుండాలి, ఆ కార్డులు తన దగ్గరుండాలి, ఆదివారం మధ్యాహ్నం కొండాపూర్ ట్రాఫిక్ దాటి రావాలన్న కోరిక ఉండాలి. వీటిలో ఏదీ నా చేతిలో లేదు. అయినా ఎంపిక నాదే అంటున్నాం.

ఈ ఆటల సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త. పేకాటలో 52 ముక్కలూ ఎవరివీ కావు. కలిపి, కోసి, పంచాక చేతిలోకి వచ్చినవాటితో ఆడతాం. ట్రేడింగ్ కార్డ్ గేమ్‌లో ఎవరి కట్ట వాళ్ళు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకుంటారు. అచ్చయిన వేల కార్డుల్లోంచి నియమాల ప్రకారం ఏరి కూర్చుకున్న కట్టని డెక్ అంటారు. పోకెమాన్‌లో 60 కార్డులు, ఒకే పేరున్న కార్డు నాలుగుకి మించకూడదు, ప్రాథమిక ఎనర్జీ కార్డులకి మాత్రం ఆ పరిమితి లేదు. కార్డులు వచ్చేది మూసిన ప్యాకెట్లలో. లోపల ఏముందో చింపితేగానీ తెలీదు. మా తరానికి ఈ పిచ్చి కొత్తదేం కాదు. చిప్స్ ప్యాకెట్లో టాజోల కోసం చిప్స్ కొన్నవాళ్ళం, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల్లో అండర్‌టేకర్ కోసం స్నేహాలు తెంచుకున్నవాళ్ళం. దీన్నంతా నియమాలున్న పెద్ద ఆటగా మార్చింది రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ గణితవేత్త. 1993లో అతని 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' వచ్చింది. 1996లో జపాన్‌లో పోకెమాన్ కార్డులు, 1999లో యుగియో. ఆ తర్వాత పుట్టినవీ పోయినవీ లెక్కలేనన్ని. ఇప్పుడు బతికి ఉన్నవాటిలో 2019లో న్యూజీలాండ్ నుంచి వచ్చిన ఫ్లెష్ అండ్ బ్లడ్, 2022లో వచ్చిన వన్ పీస్, 2023లో వచ్చిన లోర్కానా లాంటివి ఉన్నాయి.

మన దగ్గర 'కార్డ్స్ ఆడతాను' అనగానే ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. తెలుగులో ఆ మాటకి అర్థం పేకాట. చతుర్ముఖ పారాయణం అని వెటకారం. పండగ రోజు మామయ్యలు ఆడితే సరదా, మిగతా రోజుల్లో ఆడితే కొంప కూలుతుందని భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. అప్పులు చూసి పుట్టింది. ఈ విషయంలో మన ఊరికి ఒక చరిత్ర ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ళ మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో కోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అంది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి మూడు ముక్కలాటతో కలిపి చూడకూడదని దాని వాదన. అర్ధ శతాబ్దం తర్వాత అదే రమ్మీ ఫోన్లలోకి వచ్చి జీతాలు తినేస్తుంటే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. నాకు ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా కనపడవు. ఆటలో నేర్పుందా అన్నది ఒక ప్రశ్న, ఆ ఆట మనిషిని ఏం చేస్తోంది అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి అవునన్నంత మాత్రాన రెండోది తీరిపోదు. 'ఇది పేకాట కాదమ్మా' అని మా అమ్మకి చెప్పినప్పుడు నేను జవాబిచ్చింది మొదటిదానికే. ఆవిడ అడిగింది రెండోది.

ఇక అసలు సంగతి. మేం ఆదివారాలు ఒక కెఫేలో కలుస్తాం. క్రమం తప్పకుండా వచ్చేది పదకొండు మంది. ఆడేది పోకెమాన్. నాతో సహా ఎక్కువమంది నాలాగే సాఫ్ట్‌వేర్, ఇద్దరు డిగ్రీ కుర్రాళ్ళు, ఒక డెంటిస్టు గారు, ఏడో తరగతి చదివే పిల్లాడొకడు (వాళ్ళమ్మ పక్క బల్ల దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటుంది). ఈ మధ్య ముగ్గురికి పోకెమాన్ మీద విసుగొచ్చింది. మ్యాజిక్‌కి మారదామన్నారు. మారిపోతే మిగిలేది ఎనిమిది మంది. ఆ ఎనిమిదిలో నేనొకణ్ణి. వెళ్ళే ముగ్గురూ నన్నే పిలుస్తున్నారు, ఎందుకంటే నాకు మ్యాజిక్ ఎక్కువ ఇష్టమని వాళ్ళకి తెలుసు. నేను వెళ్తే వాళ్ళు నలుగురవుతారు. ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురితో ఆడొచ్చు, చిన్నదైనా ఒక పోటీ నిలబడుతుంది. నేను వెళ్ళకపోతే వాళ్ళు ముగ్గురు. ప్రతి రౌండులో ఒకరు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇవతల పక్క చూస్తే, ఎనిమిది మంది ఉన్నప్పుడు స్విస్ పద్ధతిలో సరిగ్గా మూడు రౌండ్లు ఆడితే, డ్రాలు లేకపోతే, ఓటమి లేకుండా ఒక్కరే మిగులుతారు. అందంగా కుదిరే లెక్క. ఏడుగురైతే మూడు రౌండ్లలోనూ ఎవరో ఒకరికి జోడీ దొరకదు. దాన్ని 'బై' అంటారు. కాగితం మీద అది గెలుపు. నిజానికి నలభై నిమిషాలు ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం.

అటు నాలుగోవాణ్ణి, ఇటు ఎనిమిదోవాణ్ణి. నా ఇష్టమేమిటో నాకు తెలుసు. తెలియనిది, ఆ ఇష్టానికి ఇక్కడ ఎంత విలువ ఇవ్వాలన్నది.

మ్యాజిక్ మెరుగైన ఆట అని నేనెందుకు అనుకుంటానో చెప్తాను. అందులో ఎదుటివాడి వంతులో కూడా నేను కలగజేసుకోవచ్చు. అతనొక మంత్రం వేస్తే దాని మీద నేను ఇంకోటి వేసి ఆపొచ్చు, దాని మీద అతను మరోటి. అందుకే నా దగ్గర ఏమీ లేకపోయినా రెండు భూములు వాడకుండా అట్టేపెట్టుకుని, ఏదో ఉన్నట్టు కూర్చుంటే అతను తటపటాయిస్తాడు. ఆటంతా ముఖాల మధ్య నడుస్తుంది. పోకెమాన్‌లో ఎదుటివాడి వంతులో దాదాపు చూస్తూ కూర్చోవడమే. ఎవరి వంతులో వాళ్ళు కట్టలోంచి కావలసిన కార్డు వెతుక్కుంటారు, కలుపుతారు, మళ్ళీ వెతుకుతారు, దాడి చేస్తారు, దాంతో వంతు అయిపోతుంది.

అలాగని పోకెమాన్‌ని చులకన చేసేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. ఆట మొదట్లో ఎవరి కట్టలోంచి వాళ్ళవే ఆరు కార్డుల్ని బోర్లించి పక్కన పెడతారు. వాటిని ప్రైజ్ కార్డులంటారు. ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడల్లా అందులోంచి తీసుకుంటాం, ఆరూ తీసుకున్నవాడు గెలిచినట్టు. ఆ ఆరింట్లో ఏమున్నాయో మొదట ఎవరికీ తెలీదు. అయితే మొదటిసారి కట్టలో ఏదైనా వెతికే అవకాశం రాగానే, మంచి ఆటగాడు తనకి కావలసిన కార్డుతో పాటు కట్ట మొత్తం కళ్ళతో గబగబా లెక్కపెట్టేస్తాడు. నాలుగుండాల్సినవి మూడే కనిపిస్తే నాలుగోది ఆ ఆరింట్లో ఉంది. అర నిమిషంలో, వేళ్ళు కదులుతుండగా, లేనివాటి జాబితా తయారు చేసుకోవాలి. మా ఏడో తరగతి పిల్లాడు ఇందులో నాకంటే దిట్ట. వాడు కట్ట మూసి బల్ల మీద పెట్టేటప్పుడు వాడి మొహంలో ఒక నిశ్చింత కనిపిస్తుంది. ఆ వయసులో నాకు ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు కూడా అది ఉండేది కాదు.

కాబట్టి రెండూ ఆటలే, ఒకటి నాకు ఎక్కువ ఇష్టం. ఇంతవరకూ రుచికి సంబంధించిన విషయం. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుక్కి ఇది ఇక్కడితో ఆగిపోతుంది. ఫోన్లో అడిగితే "అరగంట డ్రైవ్‌లో మూడు షాపులున్నాయిరా, శుక్రవారం ఒకచోట మ్యాజిక్, శనివారం ఇంకోచోట పోకెమాన్. ఏది బాగుంటే అది ఆడు, ఇందులో ఏముంది?" అన్నాడు. అన్నయ్య చెప్పింది తప్పేం కాదు, అది అతని ఊరి లెక్క. అరవై మంది ఆడే చోట ఒక మనిషి లేచి వెళ్తే ఎవరికీ తెలియదు. ఎనిమిది మంది ఆడే చోట అలా కాదు. ఎనిమిది మందిలో సాధ్యమయ్యే జోడీలు 28. ఏడుగురిలో 21. అంటే మనుషుల్లో ఎనిమిదో వంతు వెళ్తే ఆటల్లో నాలుగో వంతు పోతుంది. అరవై మందిలో ఒకడు వెళ్తే పోయేది ముప్ఫయ్యో వంతు. ఇంజినీరింగ్ చదివినందుకు ఇలాంటి లెక్కలు వేసుకోవడం నాకో వ్యసనం, కానీ ఈ లెక్క చూశాక నిజంగానే కాసేపు ఊరుకున్నాను. మనుషులు పలచగా ఉన్న చోట నా రుచి నా ఒక్కడి వ్యవహారం కాదు. అది ఇంకొకరి ఆదివారం కూడా. తెలుగులో కథలు రాసి పత్రికలకి పంపేవాళ్ళకి ఈ సంగతి నేను విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటాను.

రూసో 1755లో అసమానత మీద రాసిన వ్యాసంలో ఒక వేట ప్రస్తావన ఉంది. అందరూ కలిసి దుప్పి కోసం కాపు కాస్తే దుప్పి దొరుకుతుంది. మధ్యలో ఒకడికి కుందేలు కనిపిస్తే, దాని వెనక పరిగెత్తితే, వాడికి ఆ పూట గడుస్తుంది, మిగతావాళ్ళ దుప్పి పోతుంది. గేమ్ థియరీవాళ్ళు దీన్ని తర్వాత బాగా వాడుకున్నారు. నా సమస్యకి ఇది సగమే సరిపోతుంది. కుందేలు వెనక పోయేవాడు ఒంటరిగా పోతాడు. నన్ను పిలుస్తున్నవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళూ దుప్పి కోసమే కాపు కాస్తున్నారు, వాళ్ళకీ ఒక మనిషి తక్కువయ్యాడు. ఏ పక్క వెళ్ళినా ఇంకో పక్కవాళ్ళకి లోటే. కాబట్టి 'సమూహానికి కట్టుబడి ఉండు' అనే మాట ఇక్కడ ఏమీ తేల్చదు. ఏ సమూహానికి?

తలలు లెక్కపెడితే ఎనిమిది నాలుగు కంటే ఎక్కువ, ఉండిపో అనొచ్చు. ఆ లెక్కనే పట్టుకుంటే ప్రపంచంలో అందరం పెద్ద కంపెనీల పెద్ద ఆటలే ఆడాలి, కొత్త ఆట ఎక్కడా పుట్టకూడదు. ఏ ఊళ్ళోనైనా ప్రతి ఆటనీ మొదట ముగ్గురో నలుగురో మొండిగా ఆడి ఉంటారు.

నెట్‌రన్నర్ కథ దీనికి మంచి ఉదాహరణ. గార్ఫీల్డే 1996లో దాన్ని చేశాడు. అప్పట్లో నిలవలేదు. 2012లో ఫాంటసీ ఫ్లైట్ అనే కంపెనీ దాన్ని మార్చి మళ్ళీ తెచ్చింది. ఈసారి గుడ్డి ప్యాకెట్లు లేవు, ఏ పెట్టెలో ఏమున్నాయో పైనే తెలుస్తుంది, అందరికీ అవే. 2018లో లైసెన్సు అయిపోయి ఆట ఆగిపోయింది. అప్పుడు ఆటగాళ్ళే ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకుని, కొత్త కార్డులు రాసి, గీయించి, ఇప్పటికీ నడుపుతున్నారు. దాని ఇప్పటి పేరు నల్ సిగ్నల్ గేమ్స్. కార్డులు ఇంట్లో ప్రింట్ తీసుకుని ఆడుకున్నా వాళ్ళకి అభ్యంతరం లేదు. ఒకడు పెద్ద కంపెనీ, ఇంకొకడు దాని సర్వర్లలోకి చొరబడే హ్యాకర్. ఇద్దరి నియమాలూ వేరు, ఇద్దరి కార్డులూ వేరు. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు అంతకంటే ఏం కావాలి? నాకు తెలిసిన ఆటల్లో ఇంత న్యాయంగా, ఇంత తెలివిగా ఉన్నది ఇంకోటి లేదు. నేను దాన్ని ఆడింది మాత్రం బెంగళూరులో ఉండే ఒక స్నేహితుడితో, స్క్రీన్ మీద, రాత్రి పదకొండు దాటాక. మా ఆదివారం గుంపులో ఎవరినీ ఒప్పించలేకపోయాను. డెంటిస్టు గారు నియమాల పుస్తకం పదిహేను పేజీలు చదివి, చాలా మర్యాదగా తిరిగిచ్చేశారు.

అన్నింటికంటే మంచి ఆట ఏది అన్న ప్రశ్నకి జవాబు దొరికినా దాంతో ఆదివారం గడవదని నాకప్పుడు అర్థమైంది. ఆన్‌లైన్‌లో ఆడుకోవచ్చు కదా అంటారు. సాధన కోసం నేనూ ఆడతాను. ఏ రాత్రయినా ఎవరో ఒకరు దొరుకుతారు. ఓడిపోతున్నానని తెలియగానే కిటికీ మూసేసి మాయమైపోతారు కూడా. ఓడిపోయాక చెయ్యి కలిపి, "ఆ మూడో వంతులో అది వెయ్యకుండా ఉండాల్సింది" అని ఎదుటివాడితో కలిసి నెమరేసుకోవడం అక్కడ ఉండదు. నాకు ఆటలో సగం అదే.

డబ్బు గురించి కూడా మాట్లాడాలి. ఎవరి కట్ట వాళ్ళు తెచ్చుకునే ఆటలో, కట్ట వెనక పర్సు ఉంటుంది. పది చిల్లర కార్డులుండే ఒక ప్యాకెట్ ధరకి హైదరాబాద్‌లో ఒక బిర్యానీ వస్తుంది, ఆ ప్యాకెట్లో పనికొచ్చే కార్డు ఉంటుందన్న నమ్మకం లేదు. మ్యాజిక్‌లో 1996 నుంచీ 'రిజర్వ్‌డ్ లిస్ట్' అని ఒకటుంది. బ్లాక్ లోటస్ లాంటి పాత కార్డుల్ని ఇక ఎన్నటికీ మళ్ళీ అచ్చు వెయ్యమని కంపెనీ దాచుకునేవాళ్ళకి ఇచ్చిన మాట అది. దాచుకునేవాళ్ళకి ఇచ్చిన ఆ మాట ఆడుకునేవాళ్ళకి ఎదురుదెబ్బ. 2024 సెప్టెంబరులో ఇది ఎంత దూరం వెళ్ళిందో చూశాం. కమాండర్ అనే నలుగురాడే పద్ధతికి, ఆటగాళ్ళలోంచే వచ్చిన ఒక చిన్న కమిటీ నియమాలు చూసుకునేది. వాళ్ళు మనా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ లాంటి కొన్ని ఖరీదైన కార్డుల్ని, ఆటని మరీ తొందరగా తేల్చేస్తున్నాయని, నిషేధించారు. కార్డుల ధరలు పడిపోయాయి. కమిటీ సభ్యులకి బెదిరింపులొచ్చాయి. వారం తిరిగేసరికి వాళ్ళు తమ బాధ్యత కంపెనీకి అప్పగించేసి తప్పుకున్నారు. సరదాగా ఆడుకోవడానికే పుట్టిన పద్ధతి అది. బెదిరించినవాళ్ళు ఆటలో ఓడిపోయినవాళ్ళు కారు. వాళ్ళు పోగొట్టుకున్నది ఆస్తి. ఒకే కార్డు ఒకరికి బాణం, ఇంకొకరికి ప్లాటు. ఆ రెండో చూపుతో మా బల్ల చుట్టూ ఎవరైనా చేరితే ఆటకి రోజులు దగ్గర పడ్డట్టే అని నా అనుమానం.

న్యాయంగా చెప్పాలంటే మ్యాజిక్‌లోనే దీనికి విరుగుడు కూడా ఉంది. పాపర్ అనే పద్ధతిలో మామూలు కార్డులు, అంటే 'కామన్' ముద్రతో ఎప్పుడో ఒకప్పుడు అచ్చయినవి మాత్రమే వాడాలి. పేరుకి తగ్గట్టు బీదవాడి ఆట. మా ముగ్గురు స్నేహితులూ అడుగుతున్నది అదే. పోకెమాన్ సంగతి ఇంకో రకం. ఒకే కార్డు మామూలుగానూ, మెరుపులతోనూ అచ్చవుతుంది. దాచుకునేవాళ్ళు మెరుపుల కోసం ఎగబడతారు, ఆడేవాళ్ళు మామూలుది చౌకగా కొనుక్కుంటారు. మా ఏడో తరగతి వాడి చారిజార్డ్ ఈఎక్స్ మామూలు ముద్రణే. బల్ల మీద దానికి తగ్గేదేం లేదు.

బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో 'ద గ్రాస్‌హాపర్' అని ఒక పుస్తకం రాశాడు. ఆట అంటే అక్కర్లేని అడ్డంకుల్ని మనంతట మనం ఒప్పుకుని దాటడానికి ప్రయత్నించడం అని అందులో అతని వాదన. అతని లెక్క ప్రకారం చూస్తే పర్సు మందం ఎవరూ ఒప్పుకుని పెట్టుకున్న అడ్డంకి కాదు, అది ఆట బయటి నుంచి వచ్చి కూర్చున్నది. ఈ పుస్తకంలో నాకు ఎక్కువ పనికొచ్చింది వేరే ఉంది. ఆటని పాడుచేసేవాళ్ళని అతను మూడు రకాలుగా విడదీస్తాడు. మోసగాడికి గెలుపు కావాలి, నియమాలు అక్కర్లేదు. ఆటని చెడగొట్టేవాడికి రెండూ అక్కర్లేదు. మూడోవాడు చాలా మర్యాదస్థుడు, నియమాలన్నీ పాటిస్తాడు, గెలవాలన్న ప్రయత్నమే ఉండదు. ఉబుసుపోక కూర్చున్నవాడన్నమాట.

ఎనిమిదో మనిషి తక్కువయ్యాడు కదా అని జాలిపడి నేను ఉండిపోతే, నేను ఆ మూడోవాణ్ణి అవుతాను.

మొహమాటంతో, అయిష్టంగా కూర్చున్నవాడు కుర్చీని నింపుతాడు, ఆటని నింపడు. పోటీ ఆటలో నేను ఎదుటివాడికి ఇవ్వగలిగింది ఒక్కటే, గెలవడానికి నేను చేసే నిజమైన ప్రయత్నం. అది లేకుండా నేను ఓడిపోతే అతని గెలుపు నిజం కాదు. అది లేకుండా నేను గెలిస్తే అతనికి అవమానం. ఇంకెవరికైనా సాయం చెయ్యాలంటే జాలితో చేసినా పని జరుగుతుంది. ఆకలిగా ఉన్నవాడికి విసుక్కుంటూ పెట్టినా అన్నం అన్నమే. ఆటలో అలా కుదరదు. విసుగ్గా ఆడిన ఆట, ఆట కాదు.

దీన్ని నాకంటే ముందు అర్థం చేసుకున్నది మా పిల్లాడే. పెద్ద పోటీల్లో పోకెమాన్ వాళ్ళు వయసుల్ని బట్టి జూనియర్, సీనియర్, మాస్టర్స్ అని విడదీస్తారు. మాకు అంత మందెక్కడ, అందరిదీ ఒకటే బల్ల. ఒకసారి వాణ్ణి వరసగా రెండు వారాలు ఓడించాక వాళ్ళమ్మ పక్కకి పిలిచి, "అప్పుడప్పుడూ వాణ్ణి గెలవనివ్వొచ్చు కదండీ" అంది. "వాడు కనిపెట్టేస్తాడండీ" అన్నాను. ఆవిడకి నచ్చినట్టు లేదు. ఆ తర్వాతి వారం డిగ్రీ కుర్రాళ్ళలో ఒకతను వాడితో ఆడుతూ, దాడి చెయ్యగలిగి కూడా చెయ్యకుండా వంతు వదిలేశాడు. పిల్లాడు గెలిచాడు. తర్వాత రౌండులో నా ఎదురుగా కూర్చుని కార్డులు కలుపుతూ, "అంకుల్, ఆ అన్న కావాలనే ఎటాక్ చెయ్యలేదు" అన్నాడు. గొంతులో సంతోషం లేదు. ఎవరో వాడి కంచంలోంచి ముద్ద తీసేసినట్టు ఉంది. ఆ రౌండులో నేను వాడితో ఎంత జాగ్రత్తగా ఆడానో ఏ టోర్నమెంటులోనూ అంత జాగ్రత్తగా ఆడలేదు. ప్రైజ్ కార్డులు నాకు ఒకటి మిగిలుండగా వాడు గెలిచాడు. చెయ్యి కలిపి, "మీరు నాలుగో టర్న్‌లో ఎనర్జీ పెట్టడం మర్చిపోయారు అంకుల్" అన్నాడు. నిజమే.

కాబట్టి ఏ ఆట ఎంచుకోవాలి అని ఇప్పుడెవరైనా నన్నడిగితే 'మంచి ఆట' అనో, 'అందరూ ఆడేది' అనో చెప్పను. నీ ఊళ్ళో దొరికే బల్లల్లో దేని దగ్గర కూర్చుంటే నీకు నిజంగా గెలవాలనిపిస్తుందో చూసుకో అంటాను. మంచితనం అక్కడ ఒక కారణం మాత్రమే. కొన్నిసార్లు ఎదురుగా కూర్చున్న మనిషి వల్ల కూడా గెలవాలనిపిస్తుంది. పోకెమాన్ విషయంలో నాకు జరుగుతున్నది అదే అనుకుంటాను. ఆట మీద ప్రేమ సగమే, కానీ ఆ పిల్లాణ్ణి వచ్చే వారం ఓడించాలన్న కోరిక మాత్రం పూర్తిగా ఉంది. ముప్ఫై దాటినవాడు చెప్పుకోవాల్సిన మాట కాకపోవచ్చు.

ఆ కోరిక ఎల్లకాలం ఉంటుందన్న భరోసా ఏమీ లేదు. ఉన్నంతవరకూ ఎనిమిదో కుర్చీలో కూర్చోవడానికి నాకు హక్కుంది. అది పోయిన రోజున, మొహమాటానికి కూర్చోవడం కంటే చెప్పి లేవడమే మిగతా ఏడుగురికీ మర్యాద. చెప్పి, అంటే ముందుగా చెప్పి. కనీసం ఇంకో మనిషిని వెతుక్కునేంత వ్యవధి ఇచ్చి. వెళ్ళిపోయే ముగ్గురి మీద నాకు కోపం లేకపోవడానికి ఇదే కారణం. వాళ్ళు నెల ముందే చెప్పారు, తమ డెక్కుల్లో రెండింటిని కెఫేలోనే ఉంచేశారు, కొత్తగా ఎవరైనా వస్తే ఆడుకోమని.

వాళ్ళతో నిన్న మాట్లాడాను. పోకెమాన్ కార్డు కింద ఎడమ మూలన ఒక చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. కొన్నేళ్ళుగా ఏప్రిల్ ప్రాంతంలో ఒక పాత అక్షరాన్ని పోటీల్లోంచి తీసేస్తున్నారు. 2024లో 'ఇ' పోయింది, 2025లో 'ఎఫ్'. ఆ అక్షరమున్న కార్డులన్నీ ఒక్క రోజులో పోటీకి పనికిరాకుండా పోతాయి, డెక్కులన్నీ విప్పి మళ్ళీ కట్టుకోవాలి. అందరం ఎలాగూ మళ్ళీ మొదలుపెట్టాల్సిన సమయం, ఎవరు ఉంటారో ఎవరు వెళ్తారో ఒకరినొకరు అడుక్కోవడానికి అంతకంటే అనువైనది లేదు. వచ్చే రొటేషన్ దాకా ఎనిమిదిలోనే ఉంటానని చెప్పాను. ఈలోగా నెలకో శనివారం వాళ్ళతో పాపర్ ఆడతాను. నాలుగోవాడి కోసం వాళ్ళు వేరేచోట్ల అడుగుతున్నారు, నేనూ మా ఆఫీసులో అడుగుతున్నాను. "నీకు నచ్చింది ఆడుకో" అన్నతనికి ఒక డెక్ ఇచ్చాను. మొన్న లంచ్‌లో ఒక ఆట ఆడాడు, నియమాలు సగం అర్థం కాలేదన్నాడు, ఇంకోటి ఆడదామా అని అడిగాడు.